ఫ్యాక్టరీ కూతకు శ్రుతి కలిపిన గిటార్ అన్న

మా గిటార్ అన్న పోయాడు. చెరుకు సీజన్ మంచి జోరు మీద ఉండగా, మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని, వాకిట్లో కుర్చీ వేసుకుని, వదిన తెచ్చే చాయ కోసం ఎదురుచూస్తూ పోయాడు. పిలిస్తే పలకడం లేదని, చాయ చల్లారిపోతున్నదని వదిన కోప్పడింది కూడానట.

కబురు చెప్పింది మా బ్యాండులో కాసియో కీబోర్డు వాయించే తమ్ముడు. బోధన్‌లో అతనికి బట్టల దుకాణం ఉంది. నేను పాఠాలు చెప్పే బడికి ఫోన్ చేశాడు. "అక్కా, అన్న..." అని ఆగిపోయాడు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి ఈ చీర రంగు పోతుందా పోదా అని మరాఠీలో నిలదీయడం వినిపిస్తోంది. ఏడుపు కంటే ముందు నా నోట్లోంచి వచ్చిన మాట, "మరి శ్రుతి ఎవలు జేస్తరు తమ్మీ?" అని. ఫోన్ పెట్టేసి, పిల్లలకు లెక్క ఇచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

మీలో కొందరికి మా బ్యాండు గుర్తుండే ఉంటుంది. ఎనభైల్లో, తొంభైల్లో గణేశుడి మండపాల దగ్గరో, చందూర్, వర్ని వైపు పెళ్లిళ్లలోనో చెవులు దిమ్మెత్తేలా గిటారు విని ఉంటే, అది మేమే. పేరు 'షుగర్ బాయ్స్'. చక్కెర ఫ్యాక్టరీ ఊరు కదా, ఆ పేరు పెట్టుకున్నారు. బాయ్స్ మధ్యలో నేనొక్కదాన్ని ఆడపిల్లను వచ్చాను, పేరు మార్చమని అడిగితే, "పరదా మీద పేరు రాసిన రంగు ఎండిపోయింది చెల్లె, ఇగ మారది" అన్నాడు అన్న. ఆ తర్వాత కాలంలో మాలో ఒక్కొక్కరికీ డాక్టర్లు షుగర్ ఉందని చెబుతూ వస్తుంటే మాత్రం, "సూసినవా, ఎంత ముందుసూపుతోని వెట్టిన్నో పేరు" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

అన్నకు ఫ్యాక్టరీలో కాంటా దగ్గర పని. చెరుకు బండ్లు, ట్రాక్టర్లు వరసగా వచ్చి కాంటా ఎక్కితే తూకం చూసి పంపాలి. గిటారు ఆయనకు దొరికిన తీరే ఒక విచిత్రం. క్వార్టర్లలో ఉండే ఒక ఇంజనీరుకు బదిలీ అయింది. సామాను లారీలో ఆయన ఎలక్ట్రిక్ గిటారుకు చోటు చాలలేదు. "మళ్లీ వచ్చి పట్టుకుపోతాను, జాగ్రత్తగా దాచు" అని అన్న చేతిలో పెట్టి వెళ్లాడు. ఆయన వచ్చేలోపల నేర్చేసుకోవాలని అన్న ఆదరాబాదరాగా నేర్చుకున్నాడు. ఇంజనీరు రానే లేదు. అయినా అన్న చివరిదాకా ఆ గిటారును "సార్ గిటారు" అనే అనేవాడు. ఎవరైనా కొత్త కారు వీధిలో ఆగితే ఒక్క క్షణం ఆయన ముఖం పాలిపోయేది.

మా ఇంట్లో అందరం బీడీలు చుట్టేవాళ్లం. అమ్మ, అక్క, నేను చాటలు ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుంటే చేతులు ఆకు మీద, నోరు పాట మీద ఉండేవి. నాది గట్టి గొంతు. వీధి చివరిదాకా వినిపించేదట. నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు, వీధి చివరి ఇంటివాళ్లే వచ్చి తిట్టిపోయిన సంగతి. ఒకరోజు సైకిలు మీద పోతున్న అన్న ఆ గొంతు విని ఆగాడు. సైకిలు గోడకు ఆనించి, అమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, నీ బిడ్డను మా బ్యాండుల పాడనియ్యి."

"గంత మంది మొగోళ్ల నడుమ నా బిడ్డనా?" అన్నది అమ్మ.

"మొగోళ్ల నడుమ ఎందుకుంటది? నా భార్య పక్కన కూసుంటది."

అప్పటికి ఆ సంగతి వదినకు తెలియదు. తెలిశాక ఆమె అన్న మాట, "నేను స్టేజి మీద ఊకెనే కూసోని ఏం జెయ్యాలె?" అని. ఏదో ఒక పని తెచ్చుకొమ్మన్నాడు అన్న. అలా మా ప్రతి కచేరీలోనూ, ఒక పక్క గిటారు, ఒక పక్క డ్రమ్ములు మోగుతుంటే, నా పక్కన కుర్చీలో వదిన ఒళ్లో గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయలు గిల్లుతూ ఉండేది. కాలం కాని కాలంలో పప్పులో రాళ్లు ఏరేది. దూరం ఊళ్లలో జనం ఆమె కూడా ఏదో వాయిస్తున్నదనే అనుకునేవారు. నాకు పెళ్లయ్యాక ఆ కాపలా అవసరం తీరిపోయింది. అయినా వదిన మానలేదు. ఇంట్లో కూర్చుంటే కాయలు తొందరగా తెమలడం లేదనేది.

పెళ్లంటే గుర్తొచ్చింది. మా బ్యాండులో డ్రమ్ములు వాయించేది ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర పనిచేసే మనిషి. ఆయన్నే నేను చేసుకున్నాను. కాబట్టి ఇక్కడి నుంచి ఆయన్ను మా ఆయన అంటాను. నేను అన్నకు చెల్లెను కాబట్టి వాళ్లిద్దరూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు, సమానంగా తిట్టుకునేవారు.

అన్న మాకు నేర్పిన పాఠాలు తక్కువే. అందులో ఒకటి మాత్రం చట్టం. "ఎవలన్న తప్పితె వాని దిక్కు సూడకుండ్రి. మనం సూస్తెనే జనం సూస్తరు." స్టేజీ మీద ఒకరు తడబడితే మిగతావాళ్లం అప్పటికప్పుడు ఇంకెటో చూడాలి. వర్నిలో ఒక పెళ్లిలో మా ఆయన చేతిలోంచి డ్రమ్ము కర్ర ఎగిరి పెండ్లికొడుకు పక్కనున్న పెద్దమనిషి తలకు చుట్టిన రుమాలు మీద పడింది. అన్న పందిరి గుడ్డ వైపు, నేను మామిడాకుల వైపు, వదిన చిక్కుడుకాయల వైపు చూశాం. ఆ పెద్దమనిషి కర్ర తీసి భద్రంగా వెనక్కి ఇచ్చి, "ఇది ఆఖరుకు గూడ ఉంటదా?" అని అడిగాడు. ఇది పాటలో భాగమే అనుకున్నాడు పాపం.

ఇక శ్రుతి సంగతి. ఇది చెప్పకపోతే మా అన్న గురించి ఏమీ చెప్పనట్టే.

మొదట్లో మా దగ్గర శ్రుతి పెట్టె లేదు, హార్మోనియం లేదు. ఉన్నది ఫ్యాక్టరీ కూత. షిఫ్టు మారేటప్పుడు ఆవిరితో మోగే ఆ కూత బోధన్‌లో ఏ మూలకైనా వినిపించేది. అన్న తన లావు తీగను ఆ కూతకు కలిపి, మిగతా తీగల్ని దానికి కలిపేవాడు. నేను ఆ తీగకే గొంతు కలిపేదాన్ని. సాధన మధ్యలో కూత వస్తే అందరం నోరు మూసుకుని గుడిలో నిలబడ్డట్టు నిలబడేవాళ్లం. సీజన్ అయిపోయి ఫ్యాక్టరీ చల్లబడితే కూత ఉండేది కాదు. అప్పుడు అన్న కళ్లు మూసుకుని, ముక్కుతో "ఊఁ" అని సన్నగా తీసి, ఆ కూతను తలలోంచి పట్టుకొచ్చేవాడు.

దానికి పరీక్ష కూడా ఉండేది. ఏటా కొత్త సీజన్ మొదలై తొలి కూత మోగే రోజు మేమంతా అన్న క్వార్టర్ వాకిట్లో చేరేవాళ్లం. కూత రాకముందే అన్న తన తలలో ఉన్న దానికి తీగను శ్రుతి చేసి, ఒక్కసారి మీటి, వేలు అడ్డం పెట్టి ఆగేవాడు. కాసేపటికి కూత వచ్చేది. రెండూ ఒకటే. అన్ని నెలల తర్వాత కూడా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. వదిన మాకు బెల్లం, పుట్నాలు పెట్టేది. మా ఆయన మాత్రం ఆ రోజు ఎప్పుడూ ఫ్యాక్టరీలో డ్యూటీలోనే ఉండి, తానే గొలుసు లాగి కూత వేసి, సాయంత్రం వచ్చి "కలిసిందా?" అని అడిగేవాడు, తానే పాడినట్టు.

కాసియో తమ్ముడు వచ్చాకే అసలు గొడవ మొదలైంది. అతను కొత్త కీబోర్డు చంకలో పెట్టుకుని వచ్చి, ఏ మెట్టు నొక్కినా మా గిటారుకు కలవకపోయేసరికి కంగారు పడ్డాడు. మా శ్రుతి ఏ మెట్టు మీదా లేదు, రెండు మెట్ల సందులో ఉంది.

"అన్నా, ఏమనుకోకు గని మీ శ్రుతి తప్పున్నది," అన్నాడు భయం భయంగా.

"ఊరంత గా కూతకే లేస్తది, గా కూతకే సద్ది గట్టుకుంటది. ఊరు తప్పా, నీ డబ్బ తప్పా?" అన్నాడు అన్న.

తమ్ముడు వారం పాటు మొహం వేలాడేసుకుని తిరిగాడు. చివరికి కీబోర్డు అడుగున చిన్న రంధ్రంలో శ్రుతి మార్చే మర ఒకటి ఉందని తెలిసింది. రేడియో బాగుచేసే దుకాణం నుంచి సన్నటి స్క్రూ డ్రైవర్ తెచ్చి తిప్పితే, జపాను డబ్బా కూడా బోధన్ కూతకు తలవంచింది. ఆ స్క్రూ డ్రైవర్ ఇప్పటికీ తమ్ముడి జేబులోనే ఉంటుంది. మా శ్రుతి వల్ల ఒక్క మనిషికే అన్యాయం జరిగింది. నిజామాబాద్‌లో ఒక కచేరీకి హైదరాబాద్ నుంచి వేణువు వాయించే ఆయన్ను పిలిచారు. వెదురుకు మర ఉండదు కదా. ఆయన ఎంత ఊదినా మాకు కలవలేదు. కచేరీ అంతా చప్పట్లు కొడుతూ కూర్చుని, జిలేబీ తిని వెళ్లిపోయాడు.

ఏళ్లు గడిచాయి. అన్న జుట్టు తెల్లబడింది, మా ఆయనకు నడుం పట్టేసింది, తమ్ముడికి కళ్లద్దాలొచ్చాయి. నేను వాళ్లను ఏడిపించేదాన్ని. "మీరంతా ముసలోళ్లయిన్రు గని నా గొంతు సూడుండ్రి, ఇరవై ఏండ్ల పిల్లదే" అనేదాన్ని. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు. ఒప్పుకోలేక అనుకునేదాన్ని.

ఒక ఎండాకాలం వేల్పూర్‌లో పెళ్లి. పసుపు ఉడికించి ఆరబెట్టిన కళ్లం పక్కనే పందిరి. పాటలో బాగా పైకి పోయే చోట నా గొంతు జీర పోయి, మధ్యలో తెగింది. కళ్లు పైకెత్తి చూస్తే అన్న ఆకాశం వైపు, మా ఆయన చెప్పుల వైపు, తమ్ముడు ఎక్కడో మేకపిల్ల వైపు చూస్తున్నారు. "పసుపు ఘాటుకు దగ్గొచ్చింది" అన్నాను తర్వాత. "అవునవును, నాగ్గూడ గొంతుల గరగర అనిపించింది" అన్నాడు అన్న. అక్కడితో ఆ సంగతి మరిచిపోయాను.

ఆ ఏడే తొలి కూత రోజున అన్న మీటిన తీగ కూతకు కలవలేదు. కొంచెం కింద ఉంది. బెల్లం గిన్నె పట్టుకున్న వదిన గుమ్మంలోనే ఆగింది. అన్న మాత్రం కూత వచ్చిన వైపు ఎగాదిగా చూసి, "బాయిలర్ల ప్రెషర్ ఎక్కువైంది. కూత పైకి పోయింది" అన్నాడు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనకు ఆ మాట తెలిసింది. మాలో అంత పెద్ద గొడవ ఎప్పుడూ జరగలేదు.

"నా బాయిలర్ గడియారం లెక్క నడుస్తున్నది. నీ చెవులు ఖరాబైనయ్ బావా!"

"నా చెవులు గాదు, నీ బొగ్గు ఖరాబున్నది!"

"మేం బొగ్గేస్తలేం, చెరుకు పిప్పి ఏస్తున్నం! కాంటా కాడ కూసునేటోనికి గది గూడ ఎరుక లేదు!"

అన్న తన శ్రుతి మార్చుకోలేదు. తమ్ముడే జేబులోంచి స్క్రూ డ్రైవర్ తీసి కీబోర్డును కిందికి దించుకున్నాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే కథ. తొలి కూత పైన, అన్న తీగ కింద. ఏటేటా ఇంకాస్త కింద. "బాయిలర్ బాగలేదు" అని అన్న, పళ్లు కొరుకుతూ మా ఆయన. అన్న చెవి పోతున్నదని మేం ముగ్గురం మాలో మేం ఒప్పుకున్నాం. ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చెవితో బతికిన మనిషికి చెవి పోయిందని ఎట్లా చెబుతారు?

అప్పటికి డీజే డబ్బాలు వచ్చేశాయి. జక్రాన్‌పల్లిలో ఒక పెళ్లిలో మేం వాయిస్తుంటే పెండ్లికూతురు తమ్ముడు వచ్చి, పాపం మర్యాదగానే, "తాతా, మంచిగ కొడుతున్నరు గని జర జల్ది అయిపోగొట్టుండ్రి, డీజే వెట్టాలె" అన్నాడు. తాత అన్నది మా ఆయన్ను. ఆ మాట మా ఆయన గుండెలో ముల్లులా దిగింది.

ఆ ఆదివారం అన్న వాకిట్లో పంచాయతీ పెట్టాం. వదిన మిరపకాయ బజ్జీలు వేసింది. మా ఆయన ముందే లేచి నిలబడ్డాడు.

"ఇజ్జత్ ఉండంగనే బందు వెడ్దాం బావా. ఇంక కొన్ని దినాలైతె జనమే దిగుమంటరు. మనం మస్తు కొట్టినం. ఇగ సాలు."

తమ్ముడు బజ్జీ నములుతూ, "అందరు ఎట్లంటె గట్లనే" అన్నాడు. వ్యాపారం చేసేవాళ్లు తొందరపడి మాటివ్వరు.

నేను మాత్రం ఆపడానికి ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే నా కోసం కాదు. బ్యాండు లేకపోతే అన్న ఏమైపోతాడు? రిటైరయ్యాక కాంటా లేదు. ఉన్నదల్లా ఈ గిటారు. చెవి పోయినా ఆయనకు తెలియడం లేదు కదా, ఆ భ్రమలో సంతోషంగా ఉన్నాడు కదా, మనం నాలుగు మెట్లు కింద పాడితే మన సొమ్మేం పోయింది? మా ఆయన్ను వాకిలి బయటికి తీసుకుపోయి ఇదే చెప్పాను. "నీ డ్రమ్ములకు శ్రుతి ఏం లేదు, పాడేదాన్ని నేను, నాకే ఇబ్బంది లేదు, నీకేం?" అని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన నా వైపు ఏదో అనబోయి ఆగినట్టు చూశాడు. నడుం నొప్పి అనుకున్నాను.

లోపలికి వచ్చేసరికి అన్న గిటారు తుడుస్తున్నాడు. తలెత్తకుండానే, "చెల్లె పాడినన్ని దినాలు నేను కొడ్త. ఆమె సాలంటె గప్పుడు సాలు" అన్నాడు.

"నేనెందుకు సాలంట?" అన్నాను.

"గంతే ఇగ. నడువనియ్యుండ్రి."

"మీరు బందు వెడ్తె గీ చిక్కుడుకాయలు నేనేడ గిల్లాలె?" అన్నది వదిన. పంచాయతీ అక్కడితో ముగిసింది. ఈ ఒక్క సీజన్ అని మా ఆయన షరతు పెట్టాడు. మళ్లీ వచ్చిన సీజన్‌కూ అదే షరతు పెట్టాడు. అలా 'ఈ ఒక్క సీజన్' చాలా ఏళ్లు నడిచింది. ఆర్మూర్ వైపు కొందరైతే మా పాత శబ్దమే కావాలని వెతుక్కుంటూ వచ్చేవారు. డీజే ముందు అరగంట మాకు ఇచ్చేవారు. ఆ అరగంటలో మా అన్న గిటారు విని పిల్లలు ఎగిరేవారు, పెద్దలు కళ్లు తుడుచుకునేవారు. నేనూ హాయిగా పాడేదాన్ని. వయసు పెరుగుతున్నా పైమెట్టు అందుతూనే ఉందని లోపల మురిసిపోయేదాన్ని.

ఇక చెప్పాల్సింది మొన్నటి సంగతి. ఈ సీజన్ మొదట్లో అన్నకు గుండె జబ్బు చేసింది. నిజామాబాద్ డాక్టర్లు మంచం దిగవద్దన్నారు. తొలి కూత రోజున ఎప్పటిలా వాకిట్లో కాకుండా, మేం లోపల మంచం చుట్టూ కూర్చున్నాం. మా ఆయన కూడా అప్పటికి రిటైరై ఉన్నాడు కాబట్టి, మొదటిసారి మాతో కూర్చుని ఆ కూత కోసం ఎదురుచూశాడు. గిటారు బరువు ఎత్తవద్దని వదిన దాన్ని గోడకు తగిలించింది. "గట్లయితె నోటితోనే" అన్నాడు అన్న. కళ్లు మూసుకుని, ముక్కుతో "ఊఁ" అని సన్నగా తీసి, ఆపాడు.

కూత వచ్చింది. అచ్చంగా అదే. వెంట్రుకవాసి తేడా లేదు.

తమ్ముడి నోరు తెరుచుకుంది. మా ఆయన లేచి నిలబడ్డాడు. నేను, "అన్నా! నీ చెవులు మంచిగనే ఉన్నయి గదా!" అన్నాను, పోయిన వస్తువు దొరికినంత సంతోషంగా. అన్న నా వైపు చూడలేదు. కిటికీలోంచి రోడ్డు మీద పోతున్న చెరుకు ట్రాక్టర్ల వైపు చూస్తున్నాడు. అంత శ్రద్ధగా చూడడానికి ఆ ట్రాక్టర్లలో ఏముందో నాకు అర్థం కాలేదు.

వదిన చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"ఆయన చెవులకు ఎన్నడేమైంది పిల్లా? నువ్వు వేల్పూర్ల గొంతు తెగి ఇంటికొచ్చినవు. నీ గొంతు పైకి పోతలేదని ఈయన తీగ కిందికి దించిండు. ఏడాదికింత దించుకుంట వచ్చిండు. అందరు చెవిటోడు అన్నా పడ్డడు గని నీకు చెప్పనియ్యలే."

నాకు మొదట కోపమొచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది. ఇరవై ఏళ్ల పిల్ల గొంతు అని నేను ఎంతమంది ముందు మురిసిపోయానో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఆయన కోసం నేను బ్యాండు ఆపనివ్వలేదనుకుంటే, నా కోసం ఆయన చెవిటివాడై తిరిగాడు. ఏడుస్తూనే అడిగాను.

"ఒక్క మాట చెప్పొద్దా అన్నా?"

"చెప్తె ఆనాడే పాట బందు వెడుదువు చెల్లె. నీ పౌరుషం నాకెరుక లేదా?"

"మరి నా బాయిలర్‌ను ఎందుకు బద్నాం జేసినవ్ బావా?" అన్నాడు మా ఆయన.

"బాయిలర్ మనసు నొచ్చుకోది గదా బావా," అన్నాడు అన్న.

మొదట నవ్వింది వదిన. ఆ తర్వాత మేమందరం. డాక్టర్లు ఎక్కువ నవ్వవద్దని అన్నకు చెప్పారో లేదో తెలియదు. ఆ మధ్యాహ్నం మాత్రం మంచం కిర్రుమనేలా నవ్వాడు. ఆ తర్వాత కాస్త తేరుకుని వాకిట్లోకి వచ్చి కూర్చుంటున్నాడని మేం సంబరపడుతుండగానే, కొన్ని వారాలకు పోయాడు.

మొన్న పదో రోజు తర్వాత బోధన్‌లోనే ఒక చిన్న హాలులో అందరం కలిశాం. ఫ్యాక్టరీవాళ్లు, పాత పెళ్లిళ్లవాళ్లు, మండపాల పిల్లలు వచ్చారు. జక్రాన్‌పల్లి నుంచి ఆ 'జల్ది అయిపోగొట్టుండ్రి' అన్న పిల్లవాడు కూడా వచ్చాడు. ఇప్పుడు అతనికే ఇద్దరు పిల్లలు. వెనక గోడకు మా పాత పరదా కట్టారు. అందరూ మాట్లాడాక మా ఆయన మైకు తీసుకున్నాడు. బ్యాండు ఆపాలని మొదటి నుంచీ పోరింది ఆయనే కాబట్టి నేను మైకు అందేంత దగ్గరగా పోయి నిలబడ్డాను.

"మా బావ ఒక మాటన్నడు. చెల్లె పాడినన్ని దినాలు నడువనియ్యుమన్నడు," అన్నాడు. "ఆమేమో ఆపెటట్టు లేదు. ఇగ నేనేం జెయ్యాలె? డ్రమ్ములు కొడ్త."

హాలంతా నవ్వింది. ఆ వెంటనే డ్రమ్ముల వెనక కూర్చుని, కర్రలు సవరించుకున్నాడు. తమ్ముడు కీబోర్డు తిరగేసి, జేబులోంచి స్క్రూ డ్రైవర్ తీసి, నా చెవిలో మెల్లగా అడిగాడు.

"అక్కా, యాడికి వెట్టాలె? అన్న వెట్టిన కాడికేనా?"

ఇన్నేళ్లూ ఎవరూ నాకు వినపడనివ్వని మాట. నేను మైకు ముందుకు లాక్కుని, అందరికీ వినపడేలా చెప్పాను.

"అన్న వెట్టిన కాడికి కాదు తమ్మీ. నా వయసు పెరిగింది. ఇంకింత దించు."

జనం చప్పట్లు కొట్టారు. కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్న వదిన తల వంచుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది. తమ్ముడు మర తిప్పాడు. నేను పాట ఎత్తుకున్నాను. వేల్పూర్‌లో తెగిన పాటనే కావాలని ఎత్తుకున్నాను. మొదట బాగానే సాగింది. పైకి పోయే ఆ చోటు రాగానే, అంత దించినా, గొంతు జీర పోయి తెగింది.

పక్కకు చూశాను. మా ఆయన తిరగని ఫ్యాను వైపు చూస్తూ డ్రమ్ము కొడుతున్నాడు. తమ్ముడు కుర్చీ కింద చెప్పులు వెతుకుతున్నాడు. వదిన గిన్నెలో కాయలు లెక్కపెడుతున్నది. ముందు వరసలో ఉన్న ఫ్యాక్టరీవాళ్లు, ఆ జక్రాన్‌పల్లి పిల్లవాడు, అందరూ ఎటో అటు చూస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తెగిన చోటు నుంచి మళ్లీ అందుకున్నాను. అప్పుడు కనబడింది, స్టేజి మీద అన్న కుర్చీకి ఆనించి పెట్టిన సార్ గిటారు. ఎవరు పెట్టారో, ఎట్లా పెట్టారో, అది కూడా నా వైపు చూడకుండా గోడ దిక్కు తిరిగి ఉంది.